బడిపంతులు రహీం సాబ్

2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు సయ్యద్ అబ్దుల్ రహీం తెలుసు. ఊపిరితిత్తుల కాన్సర్‌తో బాధపడుతూనే 1962లో జట్టును జకార్తా తీసుకెళ్లి, ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు బంగారు పతకం తెచ్చిపెట్టిన హైదరాబాదీ. సినిమా కథ 1952 హెల్సింకీ ఒలింపిక్స్ రోజుల్లో మొదలవుతుంది. అప్పటికి రహీంకు 42 ఏళ్లు. ఆ 42 ఏళ్లలో ఆయన ఏం చేశారన్నది రెండున్నర మూడు గంటల సినిమాలో పట్టే సంగతి కాదు గానీ, మనలాంటి చిన్న ఊళ్లవాళ్లకు అదే ముఖ్యం. ఆయన బడిపంతులు. ఉస్మానియాలో బీఏ చదివి కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఉర్దూ షరీఫ్ స్కూల్లో, దారుల్ ఉలూమ్ హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని, చివరి రెండు బళ్లలో ఆటల బాధ్యత భుజాన వేసుకున్నారు. మనవైపు మాటలో చెప్పాలంటే డ్రిల్లు మాస్టారు.

డ్రిల్లు మాస్టారు నందిగామకు కొత్తవాడేమీ కాదు. కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు, పెనుగంచిప్రోలు, వత్సవాయి, జగ్గయ్యపేట, ఏ మండలంలో జడ్పీ హైస్కూల్‌కి వెళ్లినా మెడలో విజిల్ వేసుకున్న మనిషి ఒకరు ఎదురవుతారు. పిల్లలు పీఈటీ సార్ అంటారు. తాతలింకా డ్రిల్లు మాస్టారనే అంటారు. పొద్దున ప్రార్థనకు వరసలు కట్టించాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లను అడగాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర తోపులాట లేకుండా చూడాలి. జెండా పండగకు కవాతు నేర్పాలి. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసులో గొడవ లేకుండా కూర్చోవాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో ఆట నేర్పాలి. ఆ మిగిలిన పొద్దు గురించే ఈ నాలుగు మాటలు.

మన ప్రాంతంలో ఫుట్‌బాల్ పెద్ద ఆట కాదు. సాయంత్రమైతే వాలీబాల్ నెట్టు కడతారు, కబడ్డీ కోర్టు గీస్తారు, మిగతా జాగా అంతా క్రికెట్‌దే. నేల కూడా ఫుట్‌బాల్‌కు అంత తేలిగ్గా లొంగదు. నల్లరేగడి వానాకాలం కాళ్లకు గడ్డకట్టుకుపోతుంది, ఎండాకాలం బంతి ఎటు ఎగురుతుందో తెలియనట్టు నెర్రెలిస్తుంది. పైన గ్రావెల్ పోయిస్తే మోకాళ్లు గీసుకుపోతాయి. మున్నేరు ఎండినప్పుడు ఇసుకలో వట్టి కాళ్లతో ఆడే పిల్లలకు పిక్కల బలం వస్తుంది, బంతిని నేలమీద నడిపే నేర్పు మాత్రం రాదు. ఇలాంటిచోట ఫుట్‌బాల్ నేర్పాలని ఎవరైనా పూనుకుంటే వారి మొదటి పని పార, తట్ట పట్టడమే.

అయితే మన ఊరి మీదుగా పోయే జాతీయ రహదారి 65 పట్టుకుని పడమటికి వెళ్తే నాలుగైదు గంటల్లో హైదరాబాద్ వస్తుంది. ఒకప్పుడు భారత జట్టులో ఏ మ్యాచ్ చూసినా నలుగురైదుగురు ఆ ఊరివాళ్లే ఉండేవారు. అక్కడి నేల కూడా పచ్చికబయలేమీ కాదు, రాళ్లూ గులకలే. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో బ్రిటిష్ పటాలాలు ఆడిన ఆట బస్తీల్లోకి పాకిందన్న మాట నిజమే. కానీ అలాంటి కంటోన్మెంట్లు దేశంలో ఇంకా చాలా ఉన్నాయి. అన్నిచోట్లా రహీం లాంటి పంతులు లేరు.

ఆయన సాధించిన వాటిని గబగబా చెప్పుకుందాం, అవి అందరికీ తెలిసినవే. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడల ఫైనల్లో సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఇరాన్‌పై గెలిచి స్వర్ణం. మరుసటేడు హెల్సింకీలో చాలామంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా ఆతిథ్య ఆస్ట్రేలియాపై 4-2తో గెలుపు, చివరికి నాలుగో స్థానం. భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో మళ్లీ అంత ఎత్తుకు పోలేదు. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి రెండో ఆసియా స్వర్ణం. ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకు మూడో స్వర్ణం ఇంతవరకూ రాలేదు.

ఈ పతకాలకు వెనక హైదరాబాద్‌లో ఆయన పిల్లలకు పెట్టిన పోటీలు ఉన్నాయి. వాటి గురించి మాత్రం నిదానంగా మాట్లాడుకోవాలి. ఒక పోటీలో నియమం ఏమిటంటే, బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం పిల్లవాడు ఆ పోటీలో ఎడమకాలితోనే తన్నాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే ఒకటి రెండు తాకుల్లో తోటివాడికి అందించాలి. బంతితో నలుగురిని తప్పించుకుంటూ పరుగెత్తే కుర్రాడంటే గట్టు మీద నిలబడ్డ జనానికి ఎంత ఇష్టమో మనకు తెలుసు. ఆ చప్పట్లు పిల్లవాడికి పదేళ్ల వయసులో అలవాటైతే, ఇరవయ్యో ఏట పక్కవాడు కనిపించడు. రహీం ఆ చప్పట్లను కొన్నాళ్లు ఆపారు.

ఈ నియమాల్లో పంతులి బుర్ర కనిపిస్తుంది. ఎడమకాలు వాడమని విడిగా ఒక్క పిల్లవాడికి చెబితే వాడు పదిమందిలో సిగ్గుపడతాడు, రెండుసార్లు బంతి పక్కకు పోగానే మళ్లీ కుడికాలికి మారతాడు. అందరికీ ఒకే నియమం పెడితే అందరూ ఒకేసారి తడబడతారు, అందరూ నవ్వుకుంటారు, ఆ నవ్వుల్లోనే కాలు దారికొస్తుంది. డ్రిబ్లింగ్ లేని ఆటలో బంతి రాకముందే తలెత్తి ఎవరెక్కడున్నారో చూసుకోవాలి, లేకపోతే రెండో తాకుకు దారి దొరకదు. తలెత్తి చూడమని గొంతు చించుకుని అరవనక్కర్లేదు. నియమమే చూపిస్తుంది. ఇవాళ యూరప్ క్లబ్బుల పిల్లల శిబిరాల్లో చుట్టూ నిలబడి ఒక్క తాకుతో బంతి అందించుకునే ఆటలు పెడుతున్నారు. మన కోచ్‌లు ఫోన్లలో ఆ వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. మంచిదే. డెబ్బై ఏళ్ల కిందట చాదర్‌ఘాట్ పంతులొకాయన అదే దారిలో ఆలోచించారని కూడా ఆ కోచ్‌లకు ఎవరైనా చెబితే బాగుంటుంది.

ఇంకో సంగతి గమనించాలి. బలహీనమైన కాలితో ఆడించే పోటీ పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ పోటీలో ఆట చూడ్డానికి అందంగా ఉండదు, ఫొటోలకు పనికిరాదు, ఎవరికీ సర్టిఫికెట్‌తో సీటు రాదు. వచ్చే ఆదివారం మ్యాచ్ గెలవాలనుకునే కోచ్ అలాంటి పని చేయడు. ఆరేడేళ్ల తర్వాత ఈ కుర్రాడు ఎలా ఆడాలన్నది మనసులో పెట్టుకున్నవాడే చేస్తాడు. పిల్లల కోచ్‌కూ పెద్దల కోచ్‌కూ అసలు తేడా ఇదేనని మా అభిప్రాయం. పెద్దల కోచ్ లెక్క 90 నిమిషాల్లో తేలిపోతుంది. పిల్లల కోచ్ లెక్క తేలేనాటికి ఆ పిల్లలు ఆయన దగ్గర ఉండరు. రహీం అరుదైన మనిషి కాబట్టి రెండూ చేశారు. బళ్లలో, బస్తీల్లో మలిచిన కుర్రాళ్లనే తర్వాత పోలీస్ జట్టులోనూ, దేశం జట్టులోనూ ఆడించగలిగారు.

తులసీదాస్ బలరామ్ సంగతి చూడండి. సికింద్రాబాద్ అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్లను మోచీ దగ్గర బాగుచేయించుకుని ఆడానని ఆయన తర్వాత రోజుల్లో చెప్పుకునేవారు. రహీం ఆ కుర్రాడిని చూసి శిబిరానికి రమ్మన్నారు. రోజూ అంతదూరం ఎలా రావాలన్నది కుర్రాడి సమస్య. రహీం సైకిల్‌కు డబ్బు సర్దారు. 1956లో మెల్‌బోర్న్‌కు వెళ్లేనాటికి బలరామ్‌కు దాదాపు ఇరవయ్యేళ్లు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్ అని దేశమంతా ఒక్క గుక్కలో చెప్పుకునే ముగ్గురిలో ఒకరయ్యారు. అనారోగ్యం వల్ల చాలా చిన్న వయసులోనే ఆట మానేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లో పోయారు. ఆ సైకిల్ డబ్బు ఏ బడ్జెట్ పద్దులోనిదీ కాదు. మన ఊళ్లలో కూడా చూస్తుంటాం, సెలక్షన్స్‌కు వెళ్లే పిల్లలకు బస్సు ఛార్జీలు, టిఫిన్ ఖర్చు చాలాసార్లు డ్రిల్లు మాస్టారి జేబులోంచే పోతాయి. ఆయన ఇంట్లో ఆ సంగతి చెప్పరు.

పిల్లవాడు ఎక్కడ ఆడాలన్నది కూడా తొందరపడి తేల్చే విషయం కాదు. పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు. మొదట ఫార్వర్డ్‌గా ఆడాడు. పటాలంలో చేరాక గోల్‌కీపర్ అయ్యాడు, ఆసియాలోనే మేటి అనిపించుకున్నాడు. జకార్తాలో ఇంకో చిత్రం జరిగింది. డిఫెండర్ జార్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనక ఆడితే తలతో బంతిని ఆపలేడు. రహీం అతణ్ని ముందుకు పంపారు. కాలేజీ రోజుల్లో జార్నైల్ ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి ఆయనకు గుర్తుంది. ఫైనల్లో రెండో గోల్ జార్నైలే కొట్టాడు. ఆ ఎత్తుగడ గురించి చాలామంది రాశారు. మాకు అందులో ఎత్తుగడ కన్నా జ్ఞాపకం ఎక్కువ కనిపిస్తుంది. ఒక ఆటగాడు కుర్రతనంలో ఏం చేసేవాడో గుర్తుపెట్టుకోవడం బడిపంతులికి ఉండే గుణం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. స్కూల్ గేమ్స్ సీజన్ వచ్చిందంటే మండల స్థాయి, తర్వాత నియోజకవర్గం, జిల్లా, ఆపైన రాష్ట్రం. అండర్ 14, అండర్ 17 అంటూ విభాగాలు. డ్రిల్లు మాస్టారిని హెడ్మాస్టరు మొదలు తల్లిదండ్రుల దాకా అడిగే ప్రశ్న ఒక్కటే, ఈ ఏడు ఎంతమంది స్టేట్‌కి సెలక్టయ్యారని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఈ ఏడాదే గెలవాలి. ఈ ఏడాదే గెలవాలంటే ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లల్ని తీసుకోవాలి. పదమూడేళ్లకే మీసం మొలిచినవాడు ఇంకా గొంతు మారనివాణ్ని భుజంతో నెట్టేస్తాడు. నెట్టుకుపోయిన చిన్నవాడి పాదంలో ఎంత నేర్పున్నా ఆ ఏడు పేరు రాదు. రెండేళ్లు వరసగా పేరు రాకపోతే వాడు క్రికెట్‌కైనా పోతాడు, ఇంటికైనా పోతాడు.

ఆటల్లో వయసుల కటాఫ్ తేదీ దాటిన వెంటనే పుట్టిన పెద్ద పిల్లలకే అవకాశాలు ఎక్కువ దక్కుతాయని ప్రపంచమంతా పరిశోధకులు చూపించారు. ఒకే విభాగంలో జనవరిలో పుట్టినవాడికీ డిసెంబర్‌లో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా ఉంటుంది. పన్నెండేళ్ల ఒంట్లో ఏడాదంటే మాటలు కాదు. మన పల్లెల్లో దీనికింకో ముడి ఉంది. ఒకటో తరగతిలో చేర్పించేటప్పుడు బడి తెరిచే జూన్‌కు సరిపోయేలా పుట్టిన తేదీ రాయించడం ఒక తరం దాకా మామూలు సంగతే. ఆ కాగితం మీది వయసుతోనే సెలక్షన్స్. కావాలని వయసు తగ్గించి ఆడించే మోసం వేరే ఉంది. అండర్ 17 ప్రపంచకప్‌లో వయసు తేల్చడానికి ఫిఫా 2009 నుంచి మణికట్టుకు ఎంఆర్ఐ తీయిస్తోంది. నందిగామలో ఎంఆర్ఐ పెట్టమని ఎవరూ అడగరు. పదిహేనేళ్లవాణ్ని పదమూడంటూ తీసుకొచ్చిన తండ్రికి, వద్దు సార్, ఇక్కడ గెలిచి పైన పట్టుబడితే పిల్లవాడి ఆటే పోతుందని చెప్పగల మాస్టారు ఉంటే చాలు. అలా చెప్పిన మాస్టారి జట్టు ఆ ఏడు ఓడిపోవచ్చు. ఓడిన ఆ మాస్టారికి ఊరు అండగా నిలబడాలి.

బతుకుతెరువు మాట కూడా అనుకోవాలి. కోచ్ కావాలనుకునే కుర్రాడికి ఇవాళ మెట్లు ఉన్నాయి. పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థలో డిప్లొమా ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్ ఇస్తుంది. దాని మీద ఆసియా సమాఖ్యవి సి, బి, ఏ, ఆపైన ప్రో. ఒక్కో మెట్టుకూ ఫీజు, ఊరు వదిలి శిబిరం, పరీక్ష. చిక్కేమిటంటే, ఈ నిచ్చెనలో పిల్లలు అన్నిటికన్నా కింది మెట్టు. లైసెన్సు పెరిగే కొద్దీ కోచ్ పిల్లల్ని వదిలి పెద్దల జట్ల వైపు పోతాడు. జీతం కూడా అటే ఉంది. పదేళ్ల పిల్లలకు నేర్పడానికి తక్కువ తెలిసినవాళ్లు చాలన్న అపోహ దీనికి మూలం. నిజానికి పదేళ్లప్పుడు కాలికి పట్టిన తప్పు అలవాటును ఇరవయ్యేళ్లకు ఏ ప్రో లైసెన్సూ దిద్దలేదు. నలభై ఏళ్లు పిల్లల దగ్గరే ఉండిపోతానన్న కోచ్‌కు ఆ నలభై ఏళ్లూ మర్యాదగా బతకగలిగే జీతం ఉండాలి. పిల్లల దగ్గర ఉండిపోవడాన్ని ఎదగకపోవడంగా ఎవరూ లెక్కకట్టకూడదు.

అర్జెంటీనాలో రొసారియో అనే ఊళ్లో గ్రాండోలి అనే చిన్న పేటక్లబ్బు ఉంది. అక్కడ సాల్వడార్ అపారిసియో అనే ఆయన పిల్లలకు ఆట నేర్పేవారు. ఒకరోజు జట్టులో ఒకడు తక్కువయ్యాడు. గట్టు మీద వాళ్ల అమ్మమ్మతో వచ్చిన ఐదేళ్ల పిల్లవాణ్ని దించారు. ఆ పిల్లవాడు లియొనెల్ మెస్సి. అపారిసియో 2008లో పోయారు. మెస్సి ప్రపంచకప్ ఎత్తిన 2022ను ఆయన చూడలేదు. ఇది విచారించాల్సిన సంగతని మేము అనుకోవడం లేదు. ఆ మధ్యాహ్నం ఆయన పని ఆయన చేశారు, జట్టు పూర్తయింది.

ఫిఫా 2001లో ఒక మంచి నియమం తెచ్చింది. ఒక ఆటగాణ్ని ఒక దేశపు క్లబ్బు నుంచి మరో దేశపు క్లబ్బు డబ్బిచ్చి కొనుక్కుంటే, ఆ సొమ్ములో 5 శాతం అతను 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా ఎక్కడెక్కడ శిక్షణ పొందాడో ఆ క్లబ్బులన్నిటికీ పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల దాకా ఏడాదికి 0.25 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.5 శాతం. లాటిన్ అమెరికాలో, ఆఫ్రికాలో ఈ డబ్బుతో గోడలు కట్టుకున్న, దీపాలు పెట్టుకున్న చిన్న క్లబ్బులు ఉన్నాయి. పెంచినవాడి చేతిని లోకం గుర్తించిన అరుదైన సందర్భం ఇది. మన జడ్పీ హైస్కూల్ రిజిస్టరైన క్లబ్బు కాదు కాబట్టి ఆ లెక్కలోకి రాదు. రేపెప్పుడో జగ్గయ్యపేట కుర్రాడు పెద్ద లీగ్‌కు వెళ్తే పైసా రాదన్నమాట. పాత విద్యార్థులు నలుగురు కలిసి ఊరి పేరుతో ఒక క్లబ్బు రిజిస్టర్ చేయిస్తే అందులో ఖర్చు తక్కువ, మున్ముందు ఫలితం ఎక్కువ. డబ్బు వచ్చినా రాకపోయినా, పిల్లవాడి పేరు పక్కన ఏ ఏడాది ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది.

హైదరాబాద్ ఆ తర్వాత కూడా కోచ్‌లను ఇచ్చింది. కెప్టెన్‌గా 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన సయ్యద్ నయీముద్దీన్‌కు 1990లో ద్రోణాచార్య వచ్చింది. ఆ పురస్కారం మొదలైందే 1985లో, రహీం పోయిన 22 ఏళ్లకు. అదే 1970 జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్ సంగతి మాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1977లో పీలే ఉన్న కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే మోహన్ బగాన్ తరఫున వాళ్లమీద గోల్ కొట్టారు. అంత పేరున్న మనిషి ఆట మానేశాక జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ కుర్రాళ్లకు నేర్పుతూ కూర్చున్నారు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయారు. గోల్ కొట్టిన రోజు గురించి పత్రికలన్నీ రాశాయి. అకాడమీలో ఆయన గడిపిన వేలాది ఉదయాల గురించి రాసిన ముక్కలు వెతకాలి.

ఆడపిల్లల ప్రస్తావన లేకుండా ఈ మాట ముగించలేం. గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా అమ్మాయి. మొదట పరుగు పందేల్లో ఉండేది. అక్కడి ఫుట్‌బాల్ కోచ్ ఒకాయన ఆ పరుగు చూసి బంతి వైపు మళ్లించారు. భారత జట్టుకు ఆడింది, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లొచ్చింది, 2025లో అఖిల భారత సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకుంది. నందిగామ డివిజన్లో పరుగెత్తే ఆడపిల్లలకు కొదవ లేదు. ఖోఖోలో వాళ్ల ఒడుపు చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. ఖోఖో ఆడే పిల్లకు సగం ఫుట్‌బాల్ వచ్చినట్టే. ఉన్నపాటున దిశ మార్చడం, ఒంటిని ఒకవైపు చూపి ఇంకోవైపు పోవడం, ఎవరెక్కడ కూర్చున్నారో వెనక్కి చూడకుండానే తెలియడం అన్నీ అందులో ఉన్నాయి. కానీ తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆట ఆగిపోతోంది. కారణాలు తల్లులకు తెలుసు. గ్రౌండ్ దగ్గర మరుగుదొడ్డి ఉండదు, చీకటిపడితే ఊరికి ఆటో ఉండదు, నిక్కరు వేసుకుంటే నలుగురూ చూస్తారు. వీటిలో మొదటి రెండు పంచాయతీ తలచుకుంటే తీరేవే. మూడోదానికి ఊళ్లో ఒక మహిళా కోచ్ ఉంటే సగం భయం పోతుంది. మెగా డీఎస్సీ 2025లో 16,347 ఉపాధ్యాయ పోస్టులు ప్రకటించారు, వాటిలో వ్యాయామ విద్య పోస్టులూ ఉన్నాయి. వాటిలో చేరిన అమ్మాయిలు ఎవరైనా మనవైపు వస్తే, వాళ్లకు ఊరు స్వాగతం చెప్పాల్సిన పద్ధతి ఒకటే. గ్రౌండ్ గేటు తాళంచెవి చేతికివ్వాలి.

పేదరికం, కరువు అనే మాటలు అడ్డొస్తాయనుకుంటే అనంతపురం చూడండి. 1969 నుంచి అక్కడ పనిచేస్తున్న ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వానలు లేని ఆ నేల మీద క్రీడాగ్రామం కట్టింది. రాఫెల్ నడాల్ పేరుతో 2010లో టెన్నిస్ బడి పెట్టింది. పల్లెల పిల్లలకు క్రమం తప్పకుండా ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు నడిపింది. అందులో మనం పట్టుకోవాల్సింది భవనాలను కాదు, క్రమాన్ని. ఏడాదికోసారి సంక్రాంతికి షామియానా వేసి ట్రోఫీ ఇచ్చే టోర్నమెంట్ పండగకు శోభ. పిల్లవాడి కాలికి కావాల్సింది మాత్రం వారం వారం వచ్చే మ్యాచ్. పదకొండుమంది జట్లే అక్కర్లేదు. చిన్నపిల్లలకు ఐదుగురు, ఏడుగురు చాలు. పెద్ద గ్రౌండ్‌ను సున్నంతో నాలుగు ముక్కలు చేస్తే ఒక్క సాయంత్రం నలభైమంది ఆడతారు, ఒక్కొక్కరి కాలికి బంతి చాలా ఎక్కువసార్లు తగులుతుంది. బంతి కూడా పన్నెండేళ్లలోపు పిల్లలకు నాలుగో నంబరుది ఇవ్వాలి. పెద్దవాళ్ల ఐదో నంబరు బంతిని చిన్న పాదంతో తన్నించి కాలు నొప్పని ఇంట్లో కూర్చోబెట్టడం మనం చూస్తున్నదే.

నందిగామ నగర పంచాయతీకి, జగ్గయ్యపేట మునిసిపాలిటీకి ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఏటా సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చులో ఒక గ్రౌండ్ చదును చేయించడం, రెండు దీపస్తంభాలు వేయించడం, ఒక కోచ్‌కు నెలజీతం ఇవ్వడం ఇబ్బంది కాకూడదు. కోచ్‌ను ఒక ఎండాకాలం శిబిరానికి మాత్రం పెట్టుకుని జూన్‌లో పంపించేసే పద్ధతి ఇక మానాలి. నలభై రోజుల్లో బంతితో పరిచయం అవుతుంది, అంతే. కనీసం ఐదేళ్లు, అంటే ఆరో తరగతిలో చేరిన పిల్లలు పదో తరగతి దాటేదాకా, ఒకే మనిషి ఉండాలి.

ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడు ఒకేచోట ఎనిమిదేళ్లు దాటితే బదిలీ తప్పదు. అందులో తప్పేమీ లేదు, మారుమూల బడికీ మంచి మాస్టారు రావాలి కదా. అయితే డ్రిల్లు మాస్టారు బదిలీ మీద వెళ్లేటప్పుడు కొత్తగా వచ్చినవారికి స్టాక్ రిజిస్టర్ అప్పగిస్తారు. అందులో వాలీబాల్ నెట్లు ఎన్ని, షాట్‌పుట్ గుండ్లు ఎన్ని, పనికొచ్చే బంతులెన్ని, చిరిగినవెన్ని అని ఉంటుంది. దాంతోపాటు పిల్లల రిజిస్టర్ ఒకటి ఉండాలని మా విన్నపం. ఏడో తరగతి బి సెక్షన్లో ఫలానా పిల్ల ఎడమకాలితో బాగా తన్నుతుంది, నాన్న ఒప్పుకోవడం లేదు, ఒకసారి ఇంటికెళ్లి మాట్లాడాలి. ఎనిమిదిలో ఫలానావాడు ఇంకా పొట్టిగానే ఉన్నాడు, రెండేళ్లు ఆగాలి, అప్పటిదాకా జట్టులోంచి తీయొద్దు. ఇలాంటివి పేజీకొకటి చొప్పున రాసి, సంతకం పెట్టి ఇస్తే కొత్త మాస్టారు మొదటి రోజు సాయంత్రమే పని మొదలుపెట్టవచ్చు. మండల విద్యాశాఖాధికారులు వచ్చే బదిలీల్లోపు ఈ ఒక్క ఏర్పాటు చేయాలని కోరుతున్నాం. రెండు వందల పేజీల నోటుబుక్కులు కావాలంటే ఈ ఊరి పాత విద్యార్థులే కొనిపెడతారు.